మైదాన్‌లో తమీజ్: రహీం సాబ్ నుంచి రంగు కార్డుల దాకా

బడి పిల్లాడు ఆటలో తప్పు చేస్తే చెవి పట్టుకోవడానికి డ్రిల్లు మాస్టారున్నాడు. జీతం తీసుకుని ఆడేవాడు తప్పు చేస్తే జీతంలో కోత పడుతుంది. మరి వారమంతా దుకాణంలోనో, ఆఫీసులోనో, ఆటో మీదనో మెహనత్ చేసి, ఛుట్టీ రోజు ఫజర్ నమాజ్ అయిపోగానే సొంత పైసలతో కొన్న హాకీ స్టిక్కు పట్టుకుని మైదాన్‌కొచ్చే ముప్పై అయిదేళ్ళ మనిషిని ఎవరు అదుపులో పెట్టాలి? అతనికి జీతం లేదు, మాస్టారు లేడు. పైగా అతను ఎవరికో మామూ, ఎవరికో బడేభాయ్. సీటీ పట్టుకుని నిలబడ్డ అంపైర్ అతనికన్నా పదేళ్ళు చిన్నవాడు.

ఇది చిన్న సవాల్ కాదు దోస్తులారా. హాకీలో చేతిలో కర్ర ఉంటుంది. గుస్సా వచ్చిన మనిషి చేతిలో కర్ర ఉండడం ఎట్లాంటిదో చెప్పనక్కర్లేదు. సైదాబాద్, సంతోష్‌నగర్, మలక్‌పేట లాంటి చోట్ల ఇంకో ముష్కిల్ కూడా ఉంది. ఆడేవాళ్ళు ఎక్కడినుంచో వచ్చిన అజ్నబీలు కారు. ఒకే గల్లీవాళ్ళు, ఒకే మస్జిద్‌లో సఫ్‌లో పక్కపక్కన నిలబడేవాళ్ళు, ఒకరి దావత్‌కి ఒకరు పోయేవాళ్ళు. మైదాన్‌లో పడ్డ చిచ్చు మైదాన్‌లోనే ఆరిపోదు. అది ఇంటికొస్తుంది, ఆడవాళ్ళ మధ్య మాటలు ఆగిపోతాయి, రిష్తాల దాకా పోతుంది. అందుకే షౌక్ కోసం ఆడే పెద్దవాళ్ళ లీగుల్లో క్రమశిక్షణ అనేది ఆట కాయిదాల ముచ్చట మాత్రమే కాదు, మొహల్లా ముచ్చట.

తారీఖ్‌లోకి తొంగిచూస్తే మనకు పనికొచ్చే సబఖ్‌లు చాలా ఉన్నాయి. కొన్ని మన చాదర్‌ఘాట్‌లోనే దొరుకుతాయి, కొన్ని మ్యూనిక్‌లో.

షరాఫత్ మీద నడిచిన ఆట

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్‌కి కాయిదాలు రాసుకున్న తొలి రోజుల్లో ఆటంతా షరాఫత్ మీద నడిచింది. శరీఫ్ మనిషి కావాలని తప్పు చేయడు అన్నది వాళ్ళ యఖీన్. రెండు జట్లూ చెరొక అంపైర్‌ని తెచ్చుకునేవి. తప్పు జరిగిందని ఆటగాళ్ళు అడిగితేనే వాళ్ళు తీర్పు చెప్పేవాళ్ళు. ఆ ఇద్దరికీ కుదరకపోతే మైదాన్ బయట నిలబడ్డ రిఫరీని అడిగేవాళ్ళు. ఆట పెద్దదై, పంతాలు పెరిగేసరికి ఆ పద్ధతి నిలబడలేదు. 1891లో రిఫరీని మైదాన్ లోపలికి తెచ్చి పూరా ఇఖ్తియార్ అతని చేతిలో పెట్టారు. పెనాల్టీ కిక్ కూడా ఆ ఏడాదే కాయిదాల్లోకి వచ్చింది. శరీఫులు కూడా కావాలని తప్పు చేస్తారని ఒప్పుకున్నట్టే గదా!

హాకీ దారి కొంచెం వేరు. అందులో ఇప్పటికీ ఇద్దరు అంపైర్లు. చెరొక సగం మైదాన్ చూసుకుంటారు, ఇద్దరిదీ సమానమైన ఇఖ్తియార్. అంటే ఇద్దరి మధ్యా ఇత్తెఫాక్ లేకపోతే హాకీ నడవదు.

మన దక్కన్‌కి ఈ ఆటలు ఫౌజ్‌తో వచ్చాయి. 1806లో ఏర్పడ్డ సికింద్రాబాద్ కంటోన్మెంట్ మైదానాల్లో గోరా పల్టన్లు ఆడుతుంటే చూసి నేర్చుకున్నవాళ్ళు మనవాళ్ళు. ఫౌజ్‌లో క్రమశిక్షణకు వేరే కమిటీ అక్కర్లేదు. పైఅధికారి హుకుం చాలు. అసలు సవాల్ ఆట కంటోన్మెంట్ గేటు దాటి బస్తీల్లోకి, కాలేజీల్లోకి, క్లబ్బుల్లోకి వచ్చాకనే మొదలైంది. అక్కడ హుకుం ఇచ్చేవాడెవడు?

ఉస్తాద్ జవాబు

ఈ సవాల్‌కి హైదరాబాద్ ఇచ్చిన గొప్ప జవాబు పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్. ఆయనది హాకీ కాదు, ఫుట్‌బాల్. అయినా షౌక్ కోసం ఆడే పెద్దవాళ్ళను ఒక లీగ్‌లో ఎట్లా నడపాలన్నది ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

1909లో హైదరాబాద్‌లోనే పుట్టారు. ఉస్మానియాలో చదివారు, ఆడారు. మన నగర లీగ్‌లో పేరున్న ఖమర్ క్లబ్‌కి ఆడారు. వృత్తి టీచరు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్ళలో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. సైదాబాద్ నుంచి మలక్‌పేట మీదుగా కోఠీకి పోతుంటే చాదర్‌ఘాట్ దాటకుండా పోలేం గదా. ఈసారి అటు పోయినప్పుడు పిల్లలకు చెప్పండి, హిందుస్తాన్ ఫుట్‌బాల్‌కి తాలీమ్ ఇచ్చిన ఉస్తాద్ ఈ దారిలోనే బడికి నడిచాడని.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. ఇంతఖాల్ అయ్యేదాకా, అంటే 1963 దాకా ఆ కుర్చీలో ఆయనే. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. ఈ గెలుపులు అందరికీ తెలిసినవే. ఆ గెలుపుల వెనక, కింద ఉన్న నగర లీగ్‌ని ఆయన ఎట్లా నడిపారన్నది నా ముచ్చట.

ఆయన వింత వింత పోటీలు పెట్టేవారు. ఒకటి డ్రిబ్లింగ్ లేని పోటీ. బంతిని దగ్గర పెట్టుకుని నలుగురిని దాటేసి షాన్ చూపించడం కుదరదు, పాస్ ఇవ్వాల్సిందే. ఇంకొకటి బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీ. మరొకటి పొట్టివాళ్ళ కోసం. చాలామంది వీటిని ఆట నేర్పే చిట్కాలుగా మాత్రమే చూస్తారు. ఒక్కసారి ఆలోచించండి. మైదాన్‌లో తగాదా ఎక్కడ పుడుతుంది? బంతి వదలనివాడి దగ్గర. ఒక్కడే హీరో కావాలనుకున్నవాడి దగ్గర. వాణ్ని ఆపడానికి ఎదుటివాడు కాలు అడ్డం పెట్టిన చోట. డ్రిబ్లింగే లేని పోటీలో ఆ ఘురూర్‌కి జాగా ఏది? కుడికాలితో షేర్‌లా తిరిగేవాడు ఎడమకాలితో తడబడుతుంటే తనంతట తానే తల దించుకుంటాడు, పక్కవాడి తడబాటు మీద కోపం కూడా తగ్గుతుంది. నా నజర్‌లో అది సజా పడకముందే జరిగే తర్బియత్. కార్డు చూపించేదాకా ఆగడం కన్నా, కార్డు అక్కర్లేని ఆటను తయారుచేయడం మేలు.

ఆయన సఖ్తీలో షఫ్‌ఖత్ కూడా ఉంది. అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్ అనే కుర్రాడికి ప్రాక్టీసుకి రావడానికి సవారీ లేదు. సైకిల్ కిరాయికి పైసలిచ్చి రప్పించుకున్నారు రహీం సాబ్. ఆ బలరామ్ 1956, 1960 ఒలింపిక్స్ రెండింటిలోనూ ఆడాడు. "టైముకి రాలేదు, బయట కూర్చో" అని చెప్పడం సులువు. ఎందుకు రాలేకపోతున్నావని అడిగినవాడి మాటకే, రేపు "బయట కూర్చో" అన్నప్పుడు వజన్ ఉంటుంది. పెద్దవాళ్ళ లీగ్ నడిపే ప్రతి సెక్రటరీ దీన్ని మనసులో పెట్టుకోవాలి.

ఆ తర్బియత్ పరీక్షకు నిలిచిన రోజు 4 సెప్టెంబర్ 1962. జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడం మీద మన అధికారి ఒకరు ఎత్తిన ఎత్‌రాజ్‌తో ఇండొనేషియా జనం మన మీద మండిపోతున్నారు. స్టేడియంలో దాదాపు లక్షమంది, అందరూ మనకు ముఖాలిఫ్. రహీం సాబ్‌కి అప్పటికే కేన్సర్. అట్లాంటి హంగామాలో ఎవడైనా సబర్ పోగొట్టుకుంటాడు. మనవాళ్ళు పోగొట్టుకోలేదు. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ గోల్స్‌తో దక్షిణ కొరియా మీద 2-1తో బంగారం గెలిచారు. ఆ హంగామాలో మనవాళ్ళ కోసం గొంతెత్తింది పాకిస్తాన్ హాకీ జట్టు అని ఆ రోజు ఆడినవాళ్ళు తర్వాత యాద్ చేసుకునేవాళ్ళు. ఆ హాకీ జట్టు అదే జకార్తాలో ఫైనల్లో మనల్నే ఓడించి బంగారం తీసుకుంది. ఆటలో రఖాబత్ వేరు, దుష్మనీ వేరు అనడానికి ఇంతకన్నా మంచి మిసాల్ ఏముంటుంది? తొమ్మిది నెలలకు, 11 జూన్ 1963న, రహీం సాబ్ వెళ్ళిపోయారు.

మ్యూనిక్ గాయం

జకార్తాలో అంత దిల్ చూపించిన పాకిస్తాన్ హాకీకే పదేళ్ళ తర్వాత చేదు రోజొకటి వచ్చింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్, సెప్టెంబర్ 10, ఫైనల్. ఎదుట పశ్చిమ జర్మనీ. 1928 నుంచి హాకీ బంగారం హిందుస్తాన్, పాకిస్తాన్ చేతులు దాటి పోలేదు. ఆ రోజు మైఖేల్ క్రౌజ్ కొట్టిన ఒక్క గోల్‌తో దాటిపోయింది.

అంపైర్లు నాఇన్సాఫీ చేశారని పాకిస్తాన్ వైపు గుస్సా కట్టలు తెంచుకుంది. జనం అధికారుల బల్ల మీదికి దూకారు. అంతర్జాతీయ హాకీ సమాఖ్య అధ్యక్షుడు రెనే ఫ్రాంక్ మీద నీళ్ళు పోశారు. పతకాలిచ్చేటప్పుడు జర్మనీ జెండా ఎక్కుతుంటే ఆటగాళ్ళు అటువైపు మొహం పెట్టలేదు. అంపైర్ల తీర్పు తప్పో ఒప్పో ఆ నిమిషం నుంచి ఎవరికీ పట్టలేదు. దునియా చూసింది బద్‌తమీజీ ఒక్కటే. ఇన్సాఫ్ అడగవలసినవాళ్ళు ముజ్రిములయ్యారు. తీర్పు మీద కోపం ఉన్న ప్రతి ఆటగాడూ గుర్తుపెట్టుకోవలసింది ఇదే. చెయ్యెత్తిన క్షణంలో నీ షికాయత్ చచ్చిపోతుంది.

సజా కూడా అంతే పెద్దది. పదకొండు మంది ఆటగాళ్ళను ఒలింపిక్స్ నుంచి జీవితాంతం నిషేధించారు. కథ ఇక్కడే ముగిసి ఉంటే అందులో మనకు సబఖ్ సగమే ఉండేది. తర్వాత ఆ నిషేధాన్ని సడలించారు. మ్యూనిక్‌లో ఆడిన ఇస్లాహుద్దీన్, షహనాజ్ షేక్ లాంటివాళ్ళు 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మళ్ళీ దిగి కాంస్యం తెచ్చారు. 1978లో బ్యూనస్ ఎయిర్స్‌లో నెదర్లాండ్స్‌ను 3-2తో ఓడించి ప్రపంచకప్ ఎత్తిన పాకిస్తాన్ జట్టుకి కప్తాన్ ఎవరనుకున్నారు? అదే ఇస్లాహుద్దీన్. తలుపు జిందగీ మొత్తానికి మూసేసి ఉంటే ఆ కప్తాన్ ఉండేవాడు కాదు. సజా గట్టిగా ఉండాలి. ఆ సజాలో వాపసీకి దారి కూడా ఉండాలి.

రంగులు మాట్లాడితే

ఇప్పుడు మనకు మామూలైపోయిన కార్డుల కథ 1966లో మొదలైంది. వెంబ్లీలో ఇంగ్లండ్, అర్జెంటీనా ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. జర్మన్ రిఫరీ క్రైట్‌లైన్ అర్జెంటీనా కప్తాన్ రాటిన్‌ని బయటికి పొమ్మన్నాడు. ఇతనికి స్పానిష్ రాదు, అతనికి జర్మన్ రాదు. రాటిన్ తర్జుమా చేసేవాణ్ని పిలవమంటాడు, కదలడు. ఆట చాలాసేపు నిలిచిపోయింది. అదే మ్యాచ్‌లో ఇంగ్లండ్ ఆటగాళ్ళు చార్ల్‌టన్ సోదరులకు తమను హెచ్చరించారన్న సంగతి పేపర్లో చదివేదాకా తెలియలేదు! రిఫరీల బాధ్యత చూసే కెన్ ఆస్టన్ ఇంటికి పోతూ ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఖయాల్ వచ్చింది. పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ఆగు. జబాన్ అక్కర్లేదు. 1970 మెక్సికో ప్రపంచకప్‌లో ఆ రెండు కార్డులూ మైదాన్‌లోకి వచ్చాయి.

హాకీ ఆ ఖయాల్‌ని తీసుకుని తనదైన హిక్మత్ జోడించింది. దాని కార్డులు మూడు. ఆకుపచ్చది త్రికోణం, పసుపుది చతురస్రం, ఎర్రది గుండ్రం. రంగు సరిగా కనబడనివాడికీ ఆకారం తెలుస్తుంది. అసలు హిక్మత్ సజాలోనే ఉంది. ఇప్పటి అంతర్జాతీయ కాయిదాల్లో ఆకుపచ్చ కార్డు పడితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. పసుపు అయితే కనీసం అయిదు నిమిషాలు. ఎర్రదైతే ఆ మ్యాచ్‌లోకి తిరిగి రావడం లేదు. అతను బయట ఉన్నంతసేపూ జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. కూర్చున్న చోట కూడా నోరు పారేసుకుంటే ఆ టైము పెంచవచ్చు.

ఫుట్‌బాల్ పసుపు కార్డు పేరు రాసుకుని వదిలేస్తుంది. హాకీ కార్డు మనిషిని పక్కన కూర్చోబెడుతుంది, గుస్సా చల్లారేదాకా ఆపుతుంది, మళ్ళీ రానిస్తుంది. ఆ అయిదు నిమిషాలూ తన జట్టువాళ్ళు తన వంతు కూడా పరిగెత్తుతూ ఆయాసపడడం అతను కళ్ళారా చూస్తాడు. అంపైర్ తిట్టక్కర్లేదు. ఆ నజారాయే చాలు.

ఇంకో కాయిదా ఉంది, దాన్ని మన లీగులు చాలావరకు పట్టించుకోవు. హాకీలో కప్తాన్ చేతికి పట్టీ కట్టుకోవాలి. తన జట్టులో అందరి నడవడికకూ అతనే జిమ్మేదార్. ఆ జిమ్మేదారీ నిలుపుకోకపోతే కప్తాన్‌నే బయట కూర్చోబెట్టే హక్కు అంపైర్‌కి ఉంది. టాస్ వేయడానికి, ఫోటోలో మధ్యన నిలబడడానికి కాదు కప్తానీ.

మన మైదాన్‌కి వస్తే

ఇక సైదాబాద్ ముచ్చట. మన దగ్గర తగాదా వస్తే ముందు జరిగేది సులహ్. ఎవరో ఒక పెద్దాయన ఇద్దరినీ ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి, చాయ్ తాగించి, గలే మిలాయించి పంపిస్తాడు. ఇది మన తహజీబ్, దీన్ని వదులుకోవద్దు. అయితే సులహ్ వేరు, సజా వేరు. సులహ్ ఆ ఇద్దరి దిల్ కోసం. సజా ఆ రోజు చూస్తూ నిలబడ్డ మిగతా ఇరవైమంది కోసం, గట్టు మీద కూర్చుని చూస్తున్న వాళ్ళ పిల్లల కోసం. సజా లేని సులహ్ వాళ్ళకు ఏం నేర్పుతుంది? కొట్టినా చాయ్‌తో సరిపోతుందని. సులహ్ లేని సజా మొహల్లాను రెండు ముక్కలు చేస్తుంది. రెండూ కావాలి, ఒకదాని బదులు ఇంకొకటి కాదు.

ఇక జుర్మానా. చాలాచోట్ల తప్పు చేసినవాడి దగ్గర పైసలు వసూలు చేస్తారు. ఇది నాఇన్సాఫీ. దుకాణం యజమాని అయిదొందలు నవ్వుతూ పారేస్తాడు, ఆ దుకాణంలో పనిచేసే కుర్రాడు అయిదొందల కోసం ఆట మానేస్తాడు. రెండు వారాలు బయట కూర్చోవడం మాత్రం ఇద్దరికీ సమానం. మన పక్కనే మలక్‌పేట రేస్‌కోర్సు ఉంది. జూదం సంగతి పక్కన పెట్టండి, అది మనకు హరామ్. తప్పుగా గుర్రం తోలిన జాకీని ఇన్ని రోజులు సవారీ చేయకూడదని ఆపే పద్ధతి మాత్రం అక్కడ కూడా ఉంది. ఆడేవాడికి ఆట దూరం కావడాన్ని మించిన సజా లేదు.

కాబట్టి లీగ్ మొదలుకాకముందే, అందరి దిల్ సాఫ్‌గా ఉన్నప్పుడే, సజాలు కాగితం మీద రాసుకోవాలి. తగాదా అయ్యాక రాసే కాయిదా ఒకడి మీద రాసిన కాయిదా అవుతుంది. నోటి దురుసుకి ఎంత, కర్ర ఎత్తితే ఎంత, అంపైర్ మీద చెయ్యి వేస్తే ఎంత అన్నది ముందే తెలియాలి. చివరిదానికి చాలా సఖ్త్‌గా ఉండాలి, ఎందుకంటే అంపైర్ లేకపోతే ఆటే లేదు. పైసా తీసుకోకుండా ఎండలో నిలబడే కుర్రాడు ఒక్కసారి భయపడితే మళ్ళీ సీటీ పట్టుకోడు. ఫైసలా చేసేవాళ్ళు ఆ రెండు జట్లకూ చెందని ముగ్గురు కావాలి, అందులో రిష్తేదారులుంటే తప్పుకోవాలి. తప్పు చేశాడన్నవాడి మాట కూడా వినాలి. వచ్చే మ్యాచ్‌లోపు ఫైసలా చెప్పేయాలి, నెలలు నానబెట్టకూడదు. సజా పూర్తయ్యాక ఆ ముచ్చట మళ్ళీ ఎత్తకూడదు. తానా మారడం కూడా తప్పుగానే రాసుకోవాలి.

మన హైదరాబాద్ గడ్డ మీద పుట్టిన ముకేశ్ కుమార్ 1992, 1996, 2000, మూడు ఒలింపిక్స్‌లో హాకీ ఆడాడు. అట్లాంటివాడు మళ్ళీ రావాలంటే పిల్లలు ముందు మైదాన్‌కి రావాలి. అబ్బా ఆడుతుంటే చూడ్డానికొచ్చిన పిల్లాడు అక్కడ గాలీలు, ఎత్తిన కర్రలు చూస్తే, వాళ్ళ అమ్మీ వచ్చే వారం పంపదు. ఆమెది తప్పు కాదు. పసుపు కార్డు చూసి, మాట్లాడకుండా పోయి గట్టు మీద కూర్చుని, అయిదు నిమిషాల తర్వాత లేచి అంపైర్‌కి సలాం చెప్పి లోపలికొచ్చే అబ్బాను చూస్తే మాత్రం, ఆ పిల్లాడు ఆ రోజు ఇంటికి పోయి అమ్మీకి చెప్పేది గోల్ గురించి కాకపోవచ్చు.